మంచివాళ్ల చేతులు

హామర్ సినిమాలంటే నాకిష్టమని ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో ఎవరైనా అడిగితే "పందొమ్మిదో శతాబ్దపు గోథిక్ నవల మీద కదా నా పని, అందుకని చూస్తున్నాను" అనేదాన్ని. అది అబద్ధం. నవల అర్థం కావడానికి ఆ సినిమాలతో పనిలేదు. పేరు మాత్రం నవలది ఉంచి, కథని తమకి తోచినట్టు తిప్పుకున్న సినిమాలవి. హాస్టల్ గదికి గడియ పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, అర్ధరాత్రి దాటాక చూసేదాన్ని. ఇష్టంగా చూసేదాన్ని. ఆడవాళ్ల గుండెల్లో కొయ్యమేకులు దిగే సినిమాలు, స్త్రీవాదినని చెప్పుకునే నాకెందుకిష్టం? ఈ ప్రశ్నని ఇన్నాళ్లూ పక్కకి నెడుతూ వచ్చాను. మొన్న మా మేనత్త అన్న ఒక మాటతో ఇక నెట్టడం కుదరలేదు. ఆ మాట దగ్గరికి రావాలంటే ముందు సినిమాల గురించి కొంత చెప్పాలి.

హామర్ 1934లో ఇంగ్లండ్‌లో పుట్టిన చిన్న కంపెనీ. 1957లో 'ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్', 1958లో 'డ్రాక్యులా' తీసి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. రెంటికీ దర్శకుడు టెరెన్స్ ఫిషర్. రెంటిలోనూ పీటర్ కుషింగ్, క్రిస్టఫర్ లీ ఉన్నారు. అంతకుముందు హాలీవుడ్ తీసిన డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్‌లు నలుపు తెలుపుల్లో ఉండేవి. హామర్ వాళ్లు నెత్తురుని ఎర్రగా చూపించారు. అక్కడి విమర్శకులు చాలామంది ఛీ కొట్టారు. జనం మాత్రం విరగబడి చూశారు. విదేశాలనుంచి తెచ్చిన డబ్బుకి గుర్తింపుగా 1968లో ఆ కంపెనీకి క్వీన్స్ అవార్డ్ టు ఇండస్ట్రీ కూడా ఇచ్చారు. అవార్డు అందుకున్నది 'డ్రాక్యులా హాజ్ రిజెన్ ఫ్రమ్ ద గ్రేవ్' షూటింగ్ దగ్గర. ఆ సినిమా నిర్మాత ఒక స్త్రీ, ఐడా యంగ్. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు సంతోషమేసింది. నిర్మాత స్త్రీ అయినంత మాత్రాన తెరమీద మేకు దిగే గుండెలు మారలేదని ఆ వెంటనే తెలిసింది.

ఈ సినిమాల అందం వాటి బీదతనంలో ఉంది. థేమ్స్ ఒడ్డున బ్రే అనే చోట ఒక పాత భవంతిని స్టూడియోగా చేసుకున్నారు. బెర్నార్డ్ రాబిన్సన్ అనే కళాదర్శకుడు అవే మెట్లని, అవే స్తంభాలని, అవే తలుపుల్ని రంగులు మార్చి, చోటు మార్చి, ఒకసారి కోటగా, ఇంకోసారి మఠంగా చేసేవాడు. ట్రాన్సిల్వేనియా అడవి అనుకుని మనం భయపడేది బకింగ్‌హామ్‌షైర్‌లోని బ్లాక్ పార్క్‌ని. సురభి నాటకాల్లో ఒకే తెర ఒకరోజు అయోధ్య, ఇంకోరోజు హస్తినాపురం అయినట్టన్నమాట. పది సినిమాలు చూశాక ఆ మెట్లు సొంతింటి మెట్లలా పరిచయమవుతాయి. ఆ వెల్వెట్ పరదాలు, వెండి కొవ్వొత్తి స్తంభాలు, జేమ్స్ బెర్నార్డ్ సంగీతం (డ్రాక్యులా అనే మూడక్షరాలనే ఇత్తడి వాద్యాలు పలుకుతున్నట్టుంటుంది) అన్నీ నాకిష్టం. 1958 సినిమా చివర కుషింగ్ బల్ల మీదుగా పరిగెత్తి, ఎగిరి పరదా లాగి, పొద్దుటి ఎండని గదిలోకి పోసే దృశ్యం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇప్పటికీ ఆ ఎండ పడగానే గుండె తేలికవుతుంది.

అయితే అందం ఒక్కటే అయితే పది సినిమాలతో ఆగేదాన్ని. నన్ను కూర్చోబెట్టిన సంగతి అదే సినిమాలో ఇంకొకటుంది. మీనా అనే ఆమెని కాపాడటానికి భర్త ఆర్థర్, డాక్టర్ వాన్ హెల్సింగ్ రాత్రంతా ఇంటి బయట కాపలా కాస్తారు. తెల్లారేసరికి మీనా లోపల మంచం మీద నెత్తురోడుతూ ఉంటుంది. డ్రాక్యులా ఎలా లోపలికొచ్చాడు? రాలేదు. ముందునుంచీ ఇంట్లోనే ఉన్నాడు. అతని శవపేటిక ఆ ఇంటి నేలమాళిగలోనే ఉంది. అది బయటపడేది కూడా పనిమనిషి మాటల్లో, కిందికి వెళ్లొద్దని అమ్మగారు చెప్పారని ఆమె అన్నప్పుడు. మొదటిసారి చూసినప్పుడు నేను మంచం మీద లేచి కూర్చున్నాను. ఇంటి గురించి, కుటుంబం గురించి సెమినార్లలో మేం వాదించి వాదించి చెప్పే మాటని, ఎలాంటి ఉద్దేశమూ లేని ఒక కమర్షియల్ సినిమా పది నిమిషాల్లో చూపించేసింది.

1966లో జాన్ గిల్లింగ్ తీసిన 'ది రెప్టైల్' ఈ ఇంటి సంగతిని ఇంకో అడుగు ముందుకి తీసుకెళ్తుంది. కార్న్‌వాల్‌లో ఒక పల్లె. అక్కడి పెద్దింట్లో డాక్టర్ ఫ్రాంక్లిన్ అనే పండితుడు. తూర్పు దేశాల మతాల మీద పరిశోధన చేసినవాడు. బోర్నియోలో ఒక సర్పతెగ రహస్యాల్లోకి తలదూర్చితే, వాళ్లు అతన్ని ఏమీ చెయ్యలేదు, అతని కూతురు ఆనాని పాముగా మార్చేశారు. ఆ పిల్ల వేషం వేసింది జాక్వెలిన్ పియర్స్. ఒంటరిగా ఉండి, కొత్తగా పక్కకి వచ్చినవాళ్లతో స్నేహం కోసం తహతహలాడే పిల్ల. అతిథుల ముందు సితార్ వాయిస్తుంది. తండ్రి ఆ సితార్ లాక్కుని పగలగొడతాడు. ఆ ఇంట్లో కాపలా ఉండే మలయా సేవకుడి వేషం కలకత్తాలో పుట్టిన మార్న్ మైట్‌లాండ్ వేశాడు. బోర్నియో శాపం, మన సితార్, కలకత్తా నటుడు: తూర్పంతా కలిపి ఒకే మూటగా కట్టి ఇంగ్లీషు పల్లె మీద పెట్టిన సినిమా. నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఊళ్లో పుట్టినదాన్ని, ఆ పాముని చూసి భయపడమంటే నాకు భయం రాలేదు. నాకు భయం వేసింది తండ్రిని చూసి. పరిశోధన అతనిది, శాపం కూతురిది. సామ్రాజ్యం చేసిన తప్పుకి తూర్పుని తిట్టి, శిక్ష ఇంట్లో ఆడపిల్లకి వేసే ఈ లెక్క ఆ సినిమాకి తెలిసే చేసిందా? తెలియదనే అనుకుంటాను. అయినా లెక్క మాత్రం తెరమీద ఉంది.

ఇక్కడిదాకా రాసింది నేను ఏ సెమినార్‌లోనైనా చదవగలను. ఇకముందు రాయబోయేది ఎక్కడా చదవలేదు.

అదే 1966లో 'డ్రాక్యులా: ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్' వచ్చింది. దర్శకుడు మళ్లీ ఫిషర్. ఇంగ్లండ్ నుంచి ఇద్దరన్నదమ్ములు భార్యలతో విహారయాత్రకి వస్తారు. అందులో ఒక భార్య పేరు హెలెన్. ఆ వేషం బార్బరా షెల్లీది. జుట్టు బిగించి ముడేసుకుని, అన్నిటికీ వంకపెడుతూ, ఎవరికీ నచ్చని మనిషిలా కనిపిస్తుంది. కానీ ఆ కోటలోకి వద్దని, ఇక్కడ ఉండొద్దని, వెళ్లిపోదామని మొత్తుకునేది ఆమె ఒక్కతే. మొగుడు తేలిగ్గా తీసిపారేస్తాడు. ఆ రాత్రే అతను చనిపోతాడు, ఆమె రక్తపిశాచి అవుతుంది. అప్పుడు చూడాలి హెలెన్‌ని. జుట్టు విరబోసుకుని, నవ్వుతూ, చేతులు చాస్తూ, కావలసింది కావాలని అడుగుతూ. సినిమా మొత్తంలో డ్రాక్యులాకి ఒక్క మాట కూడా లేదు. హెలెన్‌కి ఉన్నాయి. తర్వాత ఒక మఠం కిటికీ దగ్గర నిలబడి, చలేస్తోంది, లోపలికి రానివ్వమని తోడికోడల్ని బతిమాలుతుంది. చివరికి సన్యాసులు ఆమెని పట్టుకుని, బల్లమీద పడుకోబెట్టి, కాళ్లూ చేతులూ అదిమిపెడతారు. ఆమె గింజుకుంటుంది, అరుస్తుంది. ఫాదర్ శాండర్ వచ్చి మేకు దించుతాడు. ఆమె ముఖం ప్రశాంతమవుతుంది.

1997 వేసవి సెలవులు. నాకు తొమ్మిదేళ్లు. తెనాలి దగ్గర మా ఊళ్లో, మా పెరట్లో.

మా చిన్నత్త నాన్నకి ఆఖరి చెల్లెలు. పద్దెనిమిదేళ్లకి పెళ్లి చేశారు. రెండుసార్లు పుట్టింటికి వచ్చేసింది. రెండుసార్లూ పెద్దవాళ్లు నచ్చజెప్పి దిగబెట్టి వచ్చారు. మూడోసారి వచ్చినప్పుడు 'గాలి సోకింది' అన్నారు. ఎందుకంటే తీసుకెళ్లడానికి వచ్చిన మొగుణ్ణి నడివీధిలో 'ఒరేయ్' అంది. జుట్టు విరబోసుకుని అరుగుమీద కూర్చుని, వెళ్లనంటే వెళ్లనంది. అంతకుముందు ఆమె గొంతు పక్కింటికి కూడా వినపడేది కాదు. భూతవైద్యుణ్ణి పిలిపించారు. వేపమండలు, మిరపకాయల పొగ, కాల్చిన ఇనప చువ్వ. పిల్లల్ని కళ్లు మూసుకోమన్నారు. నేను చేతులతో మూసుకుని వేళ్ల సందుల్లోంచి చూశాను. చేతులు పట్టుకున్నవాళ్లు ఇద్దరు, కాళ్లు పట్టుకున్నవాళ్లు ఇద్దరు. కాళ్ల దగ్గర ఉన్నవాళ్లలో ఒకరు మా నాన్న. బళ్లో పిల్లలకి సైన్సు చెప్పే నాన్న. దయ్యాల్లేవని నాకు చెప్పిన నాన్న. వాత పెట్టాక అత్త అరుపు ఆగిపోయింది. 'నెమ్మదించింది' అంది నాయనమ్మ. వారం తిరక్కుండా అత్తారింటికి పంపించేశారు.

హాస్టల్ గదిలో బార్బరా షెల్లీని సన్యాసులు బల్లమీద అదిమిపెడుతుంటే నేను సినిమా ఆపలేదు. వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాను. ఈసారి కళ్లకి వేళ్లు అడ్డం లేవు. నన్ను ఎవరూ కళ్లు మూసుకోమనలేదు.

ఈ దృశ్యం సామూహిక అత్యాచారంలా ఉందని విమర్శకులు ఎప్పుడో రాశారు. కాదనను. కానీ నేను చూసింది పట్టుకున్నవాళ్లని. వాళ్లు దుర్మార్గులు కారు. దేవుడి మనుషులు. ఆమె మేలు కోరే చేస్తున్నామని నమ్ముతున్నవాళ్లు. హామర్ సినిమాల్లో దాదాపు ప్రతిసారీ ఇంతే. 1958లో లూసీ గుండెలో మేకు దించే వాన్ హెల్సింగ్ ఎంత సౌమ్యుడు! 'ది ప్లేగ్ ఆఫ్ ద జాంబీస్'లో సమాధిలోంచి లేచిన ఆలిస్ తల పారతో నరికేది ఆమెని కన్నకూతురిలా చూసిన పెద్దాయన. 1960 నాటి 'ది బ్రైడ్స్ ఆఫ్ డ్రాక్యులా'లో ముసలి బారొనెస్ ఉంది. పిశాచమైన కొడుకుని గొలుసులతో కట్టేసి, అతని ఆకలికి ఊరి ఆడపిల్లల్ని అందించిన తల్లి. చివరికి కొడుకే ఆమెని కొరుకుతాడు. అప్పుడామె తన కోరలు కనపడకుండా చేత్తో నోరు కప్పుకుంటుంది, మన ఆడవాళ్లు పమిటచెంగు అడ్డం పెట్టుకున్నట్టు. సిగ్గుతో కుంచించుకుపోయిన ఆ ముసలామెని కూడా వాన్ హెల్సింగ్ జాలిగానే చంపుతాడు. ఆడదానికి వచ్చిన చెడు ఏదైనా, దాన్ని దించే పద్ధతి ఒక్కటే. ఆ పని చేసేది మంచివాళ్లే. చెడ్డవాడు డ్రాక్యులా ఎలాగూ చెడ్డవాడే, అతనితో పేచీ లేదు. నాకు నిద్ర పట్టనివ్వంది ఈ మంచివాళ్లు.

అదే 'బ్రైడ్స్'లో ఒకే ఒక్క దృశ్యంలో వేరే రకం చేతులున్నాయి. గ్రెటా అనే పనిమనిషి రాత్రి శ్మశానంలో మట్టిమీద పడుకుని, కింద ఉన్న చచ్చిపోయిన పిల్లని పైకి రమ్మని పిలుస్తుంది. ఇంకొంచెం, ఇంకొంచెం నెట్టమని, అచ్చం పురుడుపోసే మంత్రసానిలా. మట్టిలోంచి ఒక చెయ్యి వస్తుంది. సినిమా దృష్టిలో గ్రెటా పిచ్చిది, దుష్టురాలు. ఆ దృశ్యం నాకు భయంగానూ ఉంటుంది, ఎందుకో ఓదార్పుగానూ ఉంటుంది.

ఈ సినిమాల్ని నేను మరీ వెనకేసుకొస్తున్నానని అనిపిస్తే, ఒక సంగతి చెప్పాలి. తెరమీద దెబ్బలు తిన్నవి పాత్రలే కావు. ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్ షూటింగులో బార్బరా షెల్లీ పొరపాటున పెట్టుడు కోర ఒకటి మింగేసింది. మరో జత లేదు, షూటింగ్ ఆగకూడదు. ఉప్పునీళ్లు తాగి కక్కింది. దీన్ని ఆమె నవ్వుతూనే చెప్పేది. నవ్వడానికి వీల్లేనిది 1969 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్ మస్ట్ బి డిస్ట్రాయ్డ్'. అందులో బారన్ ఫ్రాంకెన్‌స్టైన్, ఆనా అనే అమ్మాయి మీద అత్యాచారం చేసే దృశ్యముంది. మొదటి స్క్రిప్టులో అది లేదు. కంపెనీ అధిపతి జేమ్స్ కారెరాస్ పట్టుబట్టి తర్వాత చేర్పించాడు. ఆనాగా వేసిన వెరోనికా కార్ల్‌సన్‌కి ఇష్టం లేదు. బారన్‌గా వేసిన కుషింగ్‌కి ఇష్టం లేదు. ఫిషర్‌కీ ఇష్టం లేదు. అయినా తీశారు. తర్వాత చేర్చింది కాబట్టి కథలో ముందుకెళ్తే దాని ఊసే ఉండదు. ఏమీ జరగనట్టే ఆనా ఆ ఇంట్లో తిరుగుతూ ఉంటుంది. ఆ ఏమీ జరగనట్టు తిరగడం సినిమాకి అతుకు. మన ఇళ్లలో అది నిత్యజీవితం.

కుషింగ్ సెట్ మీద ఎంత మర్యాదస్తుడో ఆయనతో పనిచేసినవాళ్లందరూ చెప్పారు. వెరోనికా కూడా చివరిదాకా ఆయన్ని ప్రేమగానే తలుచుకుంది. ఇష్టం లేకుండా, బాధపడుతూ, మర్యాదగా, ఆ మనిషి ఆ పని చేశాడు. ఇది చదివిన రోజు నేను నాన్నకి ఫోన్ చేశాను. అప్పటికి ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. ఇరవై ఏళ్లకు పైగా నాలో ఉన్న ప్రశ్నని ఎలా మొదలుపెట్టాలో తెలియక నేరుగా అడిగేశాను.

"నాన్నా, ఆ రోజు చిన్నత్త కాళ్లు పట్టుకున్నది మీరే కదా?"

చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత అన్నారు: "గట్టిగా పట్టుకోలేదమ్మా."

ఆయన్ని నేను ప్రేమించడం మానలేదు. ఆ మాటని క్షమించడమూ నాకు చేతకాలేదు. గట్టిగా పట్టుకోకపోయినా కాళ్లు కదల్లేదు కదా! ఈ మాట ఆయనతో అనలేదు. మందులు వేసుకున్నారా అని అడిగి పెట్టేశాను.

ఇప్పుడు చిన్నత్త మాట. పోయినేడు కంటి శుక్లాల ఆపరేషన్‌కి హైదరాబాద్ వచ్చి నా దగ్గర నెల్లాళ్లుంది. కట్టు విప్పి, చూపు తేటపడ్డాక ఒక రాత్రి నేను పాఠం కోసం ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్ పెట్టుకుని చూస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. ఆపేద్దామనుకున్నాను. "ఉండనీయే, చూడనీ" అంది. ఇంగ్లీషు రాదు. మఠం దృశ్యం వచ్చింది. బల్ల, సన్యాసులు, గింజులాట. నేను తెరని చూడటం మానేసి ఆమెని చూస్తున్నాను. ఎడమచేతి మీద వాత గుర్తు చీరకొంగు కింద సగం కనపడుతోంది.

"ఏం చేసిందంట ఆ పిల్ల?" అంది.

"చలేస్తోంది, కిటికీ తియ్యమంది" అన్నాను. నాకు ఇంకేమీ తోచలేదు.

"అందుకు ఇంతమందా!" అని, కాసేపాగి, "నాకు నలుగురే" అంది.

మేకు దిగింది. హెలెన్ ముఖం ప్రశాంతంగా మారింది. కాపీ రాసిన పరీక్షలో మాస్టారికి దొరికిపోయినదానిలా నేను గబగబా చెప్పాను: "అంటే ఇప్పుడు ఆమెకి శాంతి దొరికిందని సినిమావాళ్ల ఉద్దేశం అత్తా."

"శాంతి లేదు, పాడూ లేదు" అంది అత్త. "అరిచి అరిచి అలిసిపోయింది."

ఆ ప్రశాంతమైన ముఖాల గురించి, పాపవిముక్తి గురించి, విక్టోరియన్ కాలపు నైతికత గురించి నేను నా థీసిస్‌లో పదిహేను పేజీలు రాశాను. మళ్లీ తెరిచి చూసుకున్నాను. ఎక్కడా అలిసిపోయింది అనే మాట లేదు. లూసీ ముఖం, బారొనెస్ ముఖం, హెలెన్ ముఖం అన్నీ మళ్లీ వేసుకుని చూశాను. అత్త చెప్పినట్టే ఉన్నాయి.

ఇదంతా రాయనా అని అత్తని అడిగాను. పరిశోధన పేరుతో ఇంట్లో ఆడదాన్ని పాముని చేసిన డాక్టర్ ఫ్రాంక్లిన్ నాకెప్పుడూ గుర్తుంటాడు. "రాసుకో, పేరు మాత్రం పెట్టకు. మీ నాన్న గురించి మరీ చెడ్డగా రాయకు. వాడు ఆ పూట అన్నం తినలేదు" అంది. రెండు షరతులూ పాటించాననే అనుకుంటున్నాను.

అత్త తిరిగి ఊరికి వెళ్లేటప్పుడు బస్సెక్కిస్తుంటే, "ఆ కిటికీ దగ్గర చలేస్తోందన్న పిల్ల సినిమా, దాని మొదలు నేను చూళ్లేదు. ఈసారి వచ్చినప్పుడు మొదట్నుంచీ పెట్టు" అంది. సరేనన్నాను. కోటలోకి పోవద్దని హెలెన్ మొత్తుకునే భాగం ఆమె ఇంకా చూడాల్సి ఉంది.